నెలలు నిండుతున్నప్పుడు తిరగబెట్టే ఈస్ట్ ఇన్ఫెక్షన్: గుర్తించడం, అదుపు చేయడం

ఏడో నెల పడిన తరువాత జననాంగం దగ్గర దురద, మంట, విరిగిన పెరుగులాంటి తెల్లబట్ట మొదలై, మందు వాడితే తగ్గి, మూడు నాలుగు వారాలు గడవకముందే మళ్లీ రావడం ఎందరో గర్భిణులకు ఎదురయ్యే సమస్య. అత్తగారితో చెప్పుకోవడానికి మొహమాటం అడ్డు వస్తుంది. చెకప్‌కు వెళ్లినప్పుడు స్కానింగు, బీపీ, బరువు చూసేసరికి డాక్టరు దగ్గర ఉన్న కాస్త సమయమూ అయిపోతుంది. అందువల్ల చాలామంది మొదటిసారి రాసిన చీటీనే మెడికల్ షాపులో చూపించి అదే మాత్ర మళ్లీ తెచ్చుకుంటారు. ఈ సమస్య చిక్కుపడేది సరిగ్గా అక్కడే. రెండోసారి వచ్చిన దురదకు కారణం మొదటిదే అని పరీక్ష లేకుండా ఎవరూ చెప్పలేరు. ఒకవేళ కారణం అదే అయినా, ముందు వాడిన మందు ఎందుకు నిలవలేదో తెలుసుకోకుండా దానినే మళ్లీ వాడితే ఫలితం అంతకంటే మెరుగ్గా ఉండదు.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. గర్భం ఉన్నంత కాలం శరీరంలో ఈస్ట్రోజెన్ ఎక్కువగా ఉంటుంది. దాని ప్రభావం వల్ల యోని లోపలి పొరలో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం పేరుకుంటుంది. మామూలుగా చడీచప్పుడు లేకుండా అక్కడే ఉండే క్యాండిడా అనే ఈస్ట్‌కు (ఇది ఒక రకం ఫంగస్) అది మంచి ఆహారం. దీనికి తోడు గర్భంలో రోగనిరోధక శక్తి పనితీరులో కూడా కొన్ని మార్పులు వస్తాయి. చివరి నెలల్లో ఈ అనుకూలత ఎక్కువగా ఉంటుంది, కాన్పు తరువాత ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోవడంతో చాలామందిలో సమస్య దానంతట అదే సద్దుమణుగుతుంది. కాబట్టి ఈ రెండు మూడు నెలల్లో ఇన్ఫెక్షన్‌ను వేళ్లతో సహా పెకలించాలని ఆశించడం కంటే, వచ్చిన ప్రతిసారీ నిర్ధారించుకుని, పూర్తిగా తగ్గించి, మళ్లీ రావడానికి దారి ఇచ్చే కారణాలను ఒక్కొక్కటిగా మూసివేయడం ఆచరణకు తగిన లక్ష్యం. "ఒంట్లో వేడి చేసింది, అందుకే తెల్లబట్ట అవుతోంది" అని ఇంట్లో పెద్దవాళ్లు సబ్జా నీళ్లు, బార్లీ, కొబ్బరినీళ్లు ఇస్తారు. షుగరు లేనివారు దాహానికి అవి తాగడంలో తప్పు లేదు గాని, వాటితో ఈస్ట్ తగ్గదు. వాటి మీద నమ్మకంతో పది రోజులు ఆగితే దురదే పెరుగుతుంది.

అది ఈస్టేనా, మరొకటా

గర్భంలో తెల్లబట్ట కొంత ఎక్కువ కావడం సహజం. పల్చగా, పాలలాగా లేదా నీరుపాలలాగా ఉండి, దుర్వాసన, దురద, మంట ఏవీ లేకపోతే దానికి మందు అవసరం లేదు. ఈస్ట్ వల్ల వచ్చే స్రావం సాధారణంగా చిక్కగా, తెల్లగా, గడ్డలు గడ్డలుగా ఉంటుంది. వాసన పెద్దగా ఉండదు. దానితో పాటు తీవ్రమైన దురద, యోని పెదవులు ఎర్రబడి వాయడం, గోకినచోట సన్నని చీలికలు, మూత్రం ఆ పుండ్ల మీద పడినప్పుడు బయటి వైపు మంట కనిపిస్తాయి. స్రావం పెద్దగా లేకుండా దురద, మంట మాత్రమే ఉండే వారూ ఉన్నారు.

ఇక ఈస్ట్ కానివి చూద్దాం. బూడిద రంగులో పల్చగా ఉండి చేపల వాసన వేసే స్రావం బాక్టీరియల్ వజైనోసిస్ కావచ్చు. నురగతో, పసుపు పచ్చగా లేదా ఆకుపచ్చగా ఉంటే ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవిని అనుమానించాలి. ఈ రెండింటికీ ఈస్ట్ మందు పనిచేయదు, ట్రైకోమొనాస్ అయితే భర్తకు కూడా చికిత్స ఇవ్వాలి. మూత్రం పోసేటప్పుడు లోపలి నుంచే మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉంటే మూత్రనాళ ఇన్ఫెక్షన్ కోసం మూత్రపరీక్ష చేయించాలి. గర్భంలో దానిని వదిలేస్తే కిడ్నీల దాకా పాకవచ్చు. నీటి పొక్కులు, నొప్పి పుట్టించే పుండ్లు కనిపిస్తే హెర్పిస్ ఉందేమో చూడాలి. కాన్పు దగ్గరలో ఉన్నప్పుడు దాని ప్రాముఖ్యం చాలా ఎక్కువ. తొడల మడతల్లో గుండ్రంగా, అంచులు ఎర్రగా ఉండే తామర మన ఊరి చెమటకు మామూలే. అది కూడా ఫంగసే అయినా దానికి వాడే మందు, వాడే కాలం వేరు.

దురద అనగానే ఇన్ఫెక్షన్ అనుకునే అలవాటు వల్ల అశ్రద్ధకు గురయ్యే ప్రమాదం మరొకటి ఉంది. అరచేతులు, అరికాళ్లు, ఆ తరువాత ఒళ్లంతా, ముఖ్యంగా రాత్రిళ్లు, చర్మం మీద దద్దుర్లేమీ లేకుండా దురద పెడుతుంటే అది గర్భంలో కాలేయానికి వచ్చే కొలెస్టాసిస్ కావచ్చు. అది ఎక్కువగా చివరి మూడు నెలల్లోనే వస్తుంది, తీవ్రమైతే కడుపులో బిడ్డకు ముప్పు తెస్తుంది. కాలేయ పనితీరు, బైల్ యాసిడ్‌ల రక్తపరీక్షలతో దానిని నిర్ధారిస్తారు. అటువంటి దురద ఉంటే తరువాతి చెకప్ తేదీ కోసం ఎదురుచూడకుండా వెళ్లాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఉమ్మనీరు. నీళ్లలాంటి ద్రవం ఒక్కసారిగా బయటికి రావడం గాని, కొద్దికొద్దిగా కారుతూ లోదుస్తులను తడుపుతూ ఉండడం గాని జరిగితే, అది తెల్లబట్టో, మూత్రమో, ఉమ్మనీరో ఇంట్లో కూర్చుని తేల్చుకోవడానికి ప్రయత్నించకూడదు. శుభ్రమైన ప్యాడ్ పెట్టుకుని, ఏ సమయానికి మొదలైందో, ఏ రంగులో ఉందో గుర్తుపెట్టుకుని ఆసుపత్రికి బయలుదేరాలి. ఆకుపచ్చ లేదా గోధుమ రంగు, దుర్వాసన, జ్వరం, రక్తస్రావం, 37 వారాలకు ముందే క్రమంగా వస్తున్న నొప్పులు, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకూడదు. సొంత వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయాలి. ఈ లక్షణాలు ఉన్నప్పుడు యోనిలో మాత్ర గాని, క్రీము గాని పెట్టుకోవద్దు.

పరీక్ష చేయమని అడగడం

తిరగబెట్టే ఈస్ట్ ఇన్ఫెక్షన్ అనడానికి అమెరికా మార్గదర్శకాలు ఏడాదిలో 3 లేదా అంతకంటే ఎక్కువసార్లు రావడాన్ని, బ్రిటన్ మార్గదర్శకాలు 4 లేదా అంతకంటే ఎక్కువసార్లు రావడాన్ని కొలమానంగా పెట్టుకున్నాయి. గర్భిణి ఆ లెక్క పూర్తయ్యే దాకా ఆగనక్కరలేదు. చికిత్స ముగిసిన కొద్ది వారాలకే రెండోసారి వస్తే స్వాబ్ పరీక్ష అడగడం సమంజసం. డాక్టరు యోనిని కొద్దిగా తెరిచి పట్టే స్పెక్యులమ్ అనే పరికరంతో చూసి, దూదిపుల్లతో స్రావం తీసి, గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఈస్ట్ కణాలు, వాటి పోగులు కనిపిస్తాయి. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ కాగితంతో చూసినప్పుడు ఈస్ట్‌లో పీహెచ్ అంకె సాధారణంగా మామూలుగానే, అంటే 4.5 లోపే ఉంటుంది. బాక్టీరియల్ వజైనోసిస్‌లోనూ, ఉమ్మనీరు కలిసినప్పుడూ ఆ అంకె పెరుగుతుంది. స్పెక్యులమ్ పెడితే నొప్పులు వస్తాయేమోనని భయపడేవారున్నారు. ఉమ్మనీరు పోతున్నా, రక్తస్రావం ఉన్నా, మాయ కిందికి ఉందని స్కానింగులో తేలినా ఆ సంగతి ముందే చెబితే చాలు, డాక్టరు దానికి తగిన జాగ్రత్త తీసుకుంటారు.

రెండు కోర్సులు సరిగా వాడినా తగ్గనప్పుడు, స్రావంలోని ఈస్ట్‌ను ల్యాబులో పెంచి చూసే కల్చర్ పరీక్ష అవసరమవుతుంది. ఈస్ట్ కేసుల్లో ఎక్కువ భాగం క్యాండిడా ఆల్బికాన్స్ వల్ల వచ్చేవే, మామూలు మందులకు అది లొంగుతుంది. క్యాండిడా గ్లబ్రాటా వంటి ఇతర జాతులు అదే మందులకు అంత సులభంగా లొంగవు. వచ్చింది ఏ జాతి, ఏ మందుకు తగ్గుతుంది అన్నది కల్చర్ చెబుతుంది. ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది. స్వాబ్ ఇవ్వడానికి ముందు లోపల మందు పెట్టుకుంటే ఈస్ట్ ఉన్నా కనిపించకపోవచ్చు కనుక, మందు మొదలుపెట్టక ముందే స్వాబ్ ఇవ్వాలి. హైదరాబాద్‌లో కోఠి, పేట్లబుర్జు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో గాని, గాంధీ ఆసుపత్రిలో గాని చూపించుకుంటున్నవారు ఓపీలో రద్దీ ఎంత ఉన్నా ఈ ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి: "మేడం, ఇది రెండోసారి. పోయినసారి ఫలానా మాత్ర ఇన్ని రాత్రులు వాడాను, తగ్గి మళ్లీ వచ్చింది. స్వాబ్ పరీక్ష చేయిస్తారా?" అప్పుడు డాక్టరు మామూలు తెల్లబట్ట అని పక్కన పెట్టడం కష్టం. సమస్య మొదటిసారి కనిపించినప్పుడు దగ్గరలోని బస్తీ దవాఖానాలోనో, పట్టణ ఆరోగ్య కేంద్రంలోనో చూపించుకున్నా సరిపోతుంది. తిరగబెట్టినప్పుడు మాత్రం కాన్పు చేయబోయే డాక్టరుకే చూపించడం మంచిది.

మందు: ఏది, ఎన్ని రాత్రులు

గర్భిణులకు ఈస్ట్ ఇన్ఫెక్షన్‌లో యోనిలోనే పెట్టుకునే, అజోల్ తరగతికి చెందిన ఫంగస్ మందు మొదటి ఎంపిక. మన దగ్గర ఎక్కువగా రాసేది క్లోట్రిమజోల్. అమెరికా మార్గదర్శకాలు గర్భంలో ఇటువంటి స్థానిక మందులను మాత్రమే, 7 రోజుల పాటు వాడమంటున్నాయి. బ్రిటన్‌లో 500 మిల్లీగ్రాముల క్లోట్రిమజోల్ మాత్రను రాత్రికి ఒకటి చొప్పున 7 రాత్రుల వరకు ఇస్తారు. 100 మిల్లీగ్రాముల మాత్ర అయితే 7 రాత్రులు వాడడం పరిపాటి. ఎంత మోతాదు అన్నది మీ డాక్టరు నిర్ణయం. కోర్సు మాత్రం చిన్నది కాకూడదు. గర్భిణుల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్షలో, 4 రోజుల చికిత్సతో సగం మందికి కాస్త మించి నయమైతే, 7 రోజుల చికిత్సతో 90 శాతానికి పైగా నయమైంది. ఒక్క మాత్రతో, మూడు మాత్రలతో అయిపోయే కోర్సులు గర్భం లేనివారికి సరిపోతాయి. అవి వాడి "తగ్గింది, మళ్లీ వచ్చింది" అనుకుంటున్న గర్భిణుల్లో కొందరికి ఆ ఇన్ఫెక్షన్ అసలు పూర్తిగా తగ్గనే లేదు. మరొక చిన్న చిక్కు ఏమిటంటే, 100 మిల్లీగ్రాముల మాత్రలు ఆరేసి చొప్పున ప్యాక్ చేసి అమ్మేవి ఉన్నాయి. డాక్టరు ఏడు రాత్రులు రాస్తే ఏడో మాత్ర కూడా అడిగి తీసుకోవాలి.

దురద రెండు మూడు రోజుల్లోనే తగ్గడం మొదలవుతుంది, కోర్సు ఆగిపోయేది కూడా ఎక్కువగా అప్పుడే. నాలుగో రాత్రికి హాయిగా ఉందని మిగిలిన మాత్రలు ఫ్రిజ్ మీద పెట్టేసి, మళ్లీ దురద వచ్చినప్పుడు వాటిని వాడటం ఈస్ట్‌కు అవకాశమివ్వడమే అవుతుంది. ఏడు రాత్రులు పూర్తయినా తగ్గకపోతే గాని, పెట్టుకున్న ప్రతిసారీ మంట పెరుగుతుంటే గాని డాక్టరుకు చెప్పాలి. మందులోని పదార్థమే కొందరి చర్మానికి పడకపోవచ్చు.

మాత్ర పెట్టుకునే పద్ధతి ఎవరూ వివరంగా చెప్పరు కాబట్టి ఇక్కడ కొంచెం విస్తరంగా రాస్తున్నాను. పడుకునే ముందు, మూత్రానికి వెళ్లి వచ్చి, చేతులు సబ్బుతో కడుక్కుని, గోళ్లు పొట్టిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. వెనక్కి దిండ్లు పెట్టుకుని సగం కూర్చున్నట్టుగా ఒరిగి మోకాళ్లు మడిచి గాని, పక్కకు తిరిగి పడుకుని పై కాలిని ముందుకు మడిచి గాని పెట్టుకోవచ్చు. స్టూల్ మీద ఒక కాలు పెట్టి నిలబడే పద్ధతి ఈ నెలల్లో వద్దు, పొట్ట బరువుకు తూలిపడే ప్రమాదం ఉంది. మాత్రను శుభ్రమైన నీటితో కొద్దిగా తడిపి, వేలితో నొప్పి లేకుండా ఎంత లోపలికి వెళితే అంత లోపలికి, నడుము వైపుగా నెమ్మదిగా నెట్టాలి. ప్లాస్టిక్ అప్లికేటర్‌ను గర్భంలో వేలికి బదులుగా వాడవచ్చా అన్నది డాక్టరును అడగాలి. వాడమంటే బలం పెట్టకుండా, అడ్డు తగిలినచోట ఆపేయాలి. మాయ కిందికి ఉన్నవారు, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేయించుకున్నవారు ముందుగా అడగకుండా లోపల ఏదీ పెట్టకూడదు. ఉదయానికి సుద్దపొడిలాంటి తెల్లని మడ్డి బయటికి వస్తుంది. అది మాత్ర కరిగిన అవశేషమే. రాత్రి పలుచని కాటన్ ప్యాడ్ పెట్టుకుంటే సరిపోతుంది. వాడుతున్న రోజుల్లో కలయికకు దూరంగా ఉండడం సుఖం. ఈ మందుల నూనె పదార్థం కండోమ్‌ను బలహీనపరుస్తుందన్నది కూడా తెలిసి ఉండాలి. బయటి దురదకు క్లోట్రిమజోల్ 1 శాతం క్రీమును రోజుకు రెండుసార్లు పలుచగా రాయవచ్చు, కాని అది లోపలి మందుకు బదులు కాదు.

నోటితో మింగే ఫ్లూకొనజోల్ గురించి స్పష్టత ఉండాలి. 150 మిల్లీగ్రాముల ఒక్క మాత్రతో పని అయిపోతుందని ఆఫీసు స్నేహితురాలో, ఆడపడుచో చెప్పవచ్చు, గర్భం లేని వారి విషయంలో అది నిజమే. గర్భంలో మాత్రం దానిని వాడవద్దనే ప్రధాన మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2016లో డెన్మార్క్ నుంచి వచ్చిన పెద్ద అధ్యయనం, గర్భం తొలి నెలల్లో ఈ మాత్రకూ గర్భస్రావానికీ మధ్య సంబంధాన్ని చూపింది. తొలి మూడు నెలల్లో ఎక్కువ మోతాదులో ఎక్కువ రోజులు వాడిన తల్లుల బిడ్డల్లో అవయవ లోపాలు కూడా నమోదయ్యాయి. చివరి నెలల్లో ముప్పు అదే స్థాయిలో ఉందని కాదు. స్థానిక మందు బాగా పనిచేస్తున్నప్పుడు బిడ్డకు చేరే మందు ఎందుకన్నది ఇక్కడ తర్కం. తెలియక ఒక మాత్ర మింగి ఉంటే బెంబేలు పడకుండా డాక్టరుకు చెప్పాలి, మళ్లీ వేసుకోకూడదు. తెల్లబట్ట అనగానే ఇచ్చే ఫ్లూకొనజోల్, సెక్నిడజోల్ కిట్లలో ఈ మందు ఉంటుంది కనుక, కిట్ చేతికి వచ్చినప్పుడు గర్భిణినని గట్టిగా చెప్పి అడగాలి. పొట్ట కనిపిస్తూనే ఉందిగా అని ఊరుకోవద్దు, షాపుకు వెళ్లేది తరచుగా భర్తే.

షాపుల్లో దొరికే మిశ్రమ క్రీములు మరొక ఉచ్చు. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్ వంటి స్టెరాయిడ్, ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు కలిపిన ట్యూబు రాయగానే దురద చల్లారుతుంది, ఫంగస్ మాత్రం చాటుగా పెరుగుతుంది. పలుచని చర్మం మరింత పలుచబడుతుంది. వాపు మరీ ఎక్కువగా ఉండి డాక్టరే చూసి కొద్ది రోజులకు రాస్తే అది వేరు సంగతి. అలాగే క్లిండమైసిన్ కలిసిన యోని క్యాప్సూళ్లు బాక్టీరియా కూడా ఉందని తేలినవారికే అవసరం. యోనిలో పెట్టుకునే బోరిక్ యాసిడ్ గర్భంలో పూర్తిగా నిషిద్ధం.

తగ్గిన తరువాత మళ్లీ మళ్లీ వస్తున్నట్టు పరీక్షలో నిర్ధారణ అయితే, ఏడు రాత్రుల కోర్సు ముగిశాక వారానికి ఒకసారి క్లోట్రిమజోల్ 500 మిల్లీగ్రాముల మాత్ర పెట్టుకుంటూ కాన్పు దాకా నెట్టుకొచ్చే పద్ధతి ఉంది, దానిని డాక్టరుతో చర్చించండి. గర్భం లేనివారికి ఆరు నెలల పాటు వారానికొకసారి ఇచ్చే ఫ్లూకొనజోల్ పద్ధతి ఇది కాదు, రెండింటినీ కలగలపకూడదు. కల్చర్‌లో వేరే జాతి వస్తే నిస్టాటిన్ యోని మాత్రలు 14 రాత్రులు ఇవ్వడం వంటి మార్గాలున్నాయి. గుండె కవాట సమస్యకు రక్తాన్ని పలుచన చేసే వార్ఫరిన్ లేదా ఎసిట్రోమ్ వాడుతున్నవారు మికొనజోల్ అనే మందును, యోనిలో పెట్టుకునేదే అయినా, అడగకుండా వాడకూడదు. అది రక్తాన్ని మరింత పలుచన చేస్తుంది.

తిరగబెట్టడానికి దారి ఇచ్చేవి

వీటిలో మొదటిది షుగరు. మన దేశంలో గర్భిణులకు మొదటి చెకప్‌లోనూ, మళ్లీ 24 నుంచి 28 వారాల మధ్యా 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి, రెండు గంటల తరువాత రక్తం తీసి చూస్తారు. 140 లేదా అంతకు మించితే గర్భకాల మధుమేహంగా పరిగణిస్తారు. ఆరో నెలలో బాగానే వచ్చిందని ఊరుకోకుండా, ఎనిమిదో నెలలో ఇన్ఫెక్షన్ తిరగబెడుతుంటే షుగరు మళ్లీ చూడమని అడగాలి. షుగరు ఉందని ముందే తెలిసినవారు పరగడుపున 95 లోపు, భోజనం తరువాత రెండు గంటలకు 120 లోపు ఉంచుకోగలిగితే ఈస్ట్ కూడా చాలావరకు దారికి వస్తుంది. శ్రీమంతం సందడి, వచ్చిన ప్రతి చుట్టం తినిపించే స్వీటు, మే నెల మామిడిపళ్లు, "ఇద్దరి కోసం తినాలి" అన్న ఒత్తిడి, ఇవన్నీ చివరి నెలల్లోనే వస్తాయి. నెలలు నిండకముందే కాన్పు అవుతుందనుకున్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కూడా కొన్ని రోజులు షుగరు పెంచుతాయి. అవి అవసరమైనప్పుడు వద్దనకూడదు. షుగరు లేనివారు ఈస్ట్ అన్న పేరు విని బ్రెడ్డు, ఇడ్లీ, దోశ మానేయనక్కరలేదు. పెరుగు తినవచ్చు, లోపల పూయకూడదు.

రెండోది యాంటీబయాటిక్. మూత్ర ఇన్ఫెక్షన్‌కో, దగ్గుకో వాడిన యాంటీబయాటిక్ యోనిలో ఈస్ట్‌ను అదుపులో ఉంచే మేలు బాక్టీరియాను కూడా తగ్గిస్తుంది. అవసరమైనది మానకూడదు, అవసరం లేనిది అడిగి వేసుకోకూడదు. వాడిన వారం పది రోజుల్లో దురద వస్తే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

ఆ తరువాత తేమ, రాపిడి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వానాకాలంలో ఫ్లాట్ల బాల్కనీల్లో బట్టలు రెండు రోజులైనా ఆరవు. పైగా మన ఇళ్లలో ఆడవాళ్ల లోదుస్తులను ఎవరికీ కనిపించకూడదని చీర కిందో, తువ్వాలు కిందో ఆరేస్తారు. అవి ఎండ తగలక సగం తడిగానే మళ్లీ ఒంటి మీదికి వస్తాయి. ఈ దాపరికం ఆరోగ్యానికి మంచిది కాదని నా అభిప్రాయం. ఎండలో విప్పి ఆరవేయాలి, వాన రోజుల్లో ఇస్త్రీ చేసి పూర్తిగా పొడిగా ఉన్నవే వేసుకోవాలి. వదులైన కాటన్ లోదుస్తులు, రోజుకు రెండుసార్లు మార్చడం, రాత్రి నైటీతో లోదుస్తులు లేకుండా పడుకోవడం మేలు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో రోజంతా కూర్చునేవారు బిగుతు లెగ్గింగ్స్ బదులు వదులు కుర్తా, పైజమా వేసుకుని, బ్యాగులో ఒక జత అదనంగా పెట్టుకోవాలి. రోజూ ప్యాంటీ లైనర్ పెట్టుకుంటే తేమ లోపలే నిలుస్తుంది, సువాసన కలిపినవైతే చర్మం మండుతుంది.

శుభ్రత ఎక్కువైనా చేటే. డెటాల్ నీళ్లు, సావ్లాన్, సువాసన సబ్బు, సున్నిపిండి, పసుపు, వేపాకు కషాయం, ఇంటిమేట్ వాష్ పేరుతో అమ్మేవి, ఇవేవీ యోని లోపలికి పోకూడదు. బయట కూడా మామూలు నీళ్లు చాలు. టాయిలెట్ జెట్‌ను వేగంగా లోపలికి కొట్టుకోకుండా, ముందు నుంచి వెనక్కి కడుక్కుని, మెత్తని పొడిబట్టతో అద్దుకోవాలి. రుద్దకూడదు. మంట ఎక్కువగా ఉన్నప్పుడు చల్లని నీటిలో తడిపి పిండిన బట్టను కాసేపు బయట వేసుకుంటే ఉపశమనంగా ఉంటుంది.

ఈస్ట్‌ను సాధారణంగా కలయిక వల్ల అంటుకునే జబ్బుగా లెక్కించరు. భర్తకు దురద, ఎర్రదనం ఉంటేనే ఆయనకు చికిత్స. భార్యను అనుమానించడానికి గాని, భర్తను నిందించడానికి గాని ఇందులో ఏమీ లేదు.

పుట్టింటికి వెళ్లేటప్పుడు, కాన్పులో, ఆ తరువాత

తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆనవాయితీ ఈ సమస్యకు ఒక ప్రత్యేకమైన చిక్కు తెస్తుంది. హైదరాబాద్‌లో ఏడు నెలలు చూసిన డాక్టరు ఒకరు, కరీంనగర్‌లోనో నల్గొండలోనో కాన్పు చేసే డాక్టరు మరొకరు అవుతారు. అప్పుడు మొదటి నుంచి మళ్లీ అదే మందు మొదలవుతుంది. ఫైలులో ఒక కాగితం మీద ఎప్పుడెప్పుడు వచ్చింది, ఏ మందు ఎన్ని రాత్రులు వాడారు, ఎంతలో తగ్గింది, స్వాబ్ లేదా కల్చర్ ఫలితం, షుగరు అంకెలు రాసి పెట్టుకోవాలి. వాడిన స్ట్రిప్పుల ఫొటోలు ఫోనులో ఉంచుకుంటే ఇంకా మంచిది.

ఈస్ట్ ఉందని ఆపరేషన్ చేయించుకోనక్కరలేదు, మామూలు కాన్పుకు అది అడ్డు కాదు. పుండ్లు, చీలికలు ఉన్నచోట కుట్లు పడితే మంట ఎక్కువగా ఉంటుంది కనుక, ఇన్ఫెక్షన్ ఉన్న సంగతి కాన్పు గదిలో చెప్పాలి. ఎలాంటి బాధా లేనప్పుడు పరీక్షలో మాత్రమే ఈస్ట్ కనిపిస్తే సాధారణంగా మందు ఇవ్వరు.

కాన్పు సమయంలో ఈస్ట్ తగిలి బిడ్డ నోట్లో తెల్లపూత రావచ్చు. పాలపొర తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. బుగ్గల లోపల, నాలుక మీద అంటుకుని, తుడిచినా పోకుండా ఉండేది తెల్లపూత. దానిని వేలితో గీకడం, తేనె రాయడం చేయకూడదు. ఏడాది లోపు పిల్లలకు తేనె అసలు పెట్టకూడదు. పిల్లల డాక్టరు చుక్కల మందు ఇస్తారు. అదే సమయంలో తల్లి చనుమొనలు మండుతూ, ఎర్రబడి ఉంటే ఇద్దరికీ కలిపి చికిత్స చేయాలి, పాలు ఇవ్వడం ఆపనక్కరలేదు. గర్భంలో షుగరు వచ్చినవారు కాన్పు తరువాత ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష మళ్లీ చేయించుకోవాలి. అప్పటికీ ఈస్ట్ తిరగబెడుతూనే ఉంటే, గర్భంలో పక్కన పెట్టిన ఫ్లూకొనజోల్‌తో సహా ఇతర మార్గాలను, పాలిస్తున్న సంగతి చెప్పి, డాక్టరుతో కొత్తగా మాట్లాడవచ్చు.